లెక్కలు అద్దెకిచ్చిన కుర్రాళ్లు

మనం సిమ్యులేషన్ కోసం క్లౌడ్‌లో గంటకింతని కోర్లు అద్దెకు తీసుకుంటాం కదా! ఇంగ్లండ్‌లో లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ (1881–1953) ఆ పని 1910 నాటికే చేశారు. రాతి డ్యామ్‌లో స్ట్రెస్ ఎంతో తేల్చడానికి కుర్రాళ్లను పెట్టుకుని, లెక్కకింతని డబ్బులిచ్చారు. చురుకైనవాడి స్పీడు వారానికి 2,000 లెక్కలు.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో అంబులెన్స్ నడుపుతూనే ఆరు గంటల వాతావరణాన్ని చేత్తో లెక్కగట్టారు. ప్రెషర్ 145 మిల్లీబార్లు పెరుగుతుందని వచ్చింది. నిజానికి దాదాపు మారనే లేదు! అయినా దాచకుండా 1922లో పుస్తకంలో అచ్చువేశారు. 64,000 మంది ఒకే హాల్లో లెక్కలు చేసే ఊహ కూడా అందులోదే. అచ్చం మన క్లస్టరే.

1920లో వాతావరణ శాఖ వైమానిక మంత్రిత్వ శాఖ కిందికి వెళ్తే, యుద్ధాలు గిట్టని ఆయన ఉద్యోగం వదిలేశారు. కోర్లు ఎన్నయినా అద్దెకు దొరుకుతాయి. ఆ లెక్క దేనికి వాడాలో మనమే తేల్చుకోవాలి. ఆ విషయంలో నాకు ఆయనే సీనియర్.