అడివి బాపిరాజుగారు – పూర్వకాల వేషభూషల పరిశీలనము

నాటకమునకు గాని పూర్వకథకు గాని చిత్రము వ్రాయబూనువాడు రెండు విద్యలు నేర్వవలెను. కుంచె పట్టుట మొదటిది. ఆ కాలపువారు ఏమి కట్టిరో, ఎట్టి యిండ్లలో నుండిరో కనుగొనుట రెండవది. ఈ రెండవ విద్యలో ఆంధ్రులకు త్రోవ చూపినవారిలో అడివి బాపిరాజుగారు అగ్రగణ్యులని మేము తలంతుము.

వీరు 1895వ సంవత్సరము అక్టోబరు 8వ తేదీన భీమవరమున జన్మించిరి. రాజమహేంద్రవరమున కూల్డ్రేదొర ప్రోత్సాహమున దామెర్ల రామారావుగారితోపాటు చిత్రకళాభిరుచిని, బందరు ఆంధ్రజాతీయ కళాశాలయందు ప్రమోదకుమార చట్టోపాధ్యాయులవలన శిక్షణమును బడసిరి. సహాయనిరాకరణోద్యమమున చెఱసాల కేగిరి. న్యాయవాదులై, పిమ్మట ఆ బందరు కళాశాలకే అధ్యక్షులై, 1940వ దశకమున హైదరాబాదులో మీజాన్ పత్రికకు సంపాదకులైరి.

వీరికి ముందు రవివర్మగారు బరోడా మహారాజు కోరికపై 1888లో పదునాలుగు పౌరాణిక చిత్రములకు బూనుకొని, దేశమంతటికి చెల్లు పూర్వవేషము నరయుటకై ఉత్తరదేశము తిరిగి, తుదకు చీరనే గ్రహించిరి. ఆ చిత్రముల పోకడయే మన నాటకరంగమునను చాలకాలము చెల్లినది. అందమునకు లోటు లేదు గాని, కాళిదాసు శకుంతల కట్టిన నారచీరకును దానికిని పొత్తు లేదు.

బాపిరాజుగారికి శిలయే సాక్షి. అమరావతి శిల్పములందు పురుషులు సన్నని ధోవతిపై నడికట్టు బిగించి, తలపాగను ముడివైచి కనబడుదురు. స్త్రీలు బరువైన కాలికడియములను, పలుపేటల మొలనూళ్లను దాల్తురు. నాగార్జునకొండ స్తంభముపై కుట్టిన అంగీయు షరాయియు తొడిగిన శకభటుడున్నాడు. హిమబిందు, అడివి శాంతిశ్రీ నవలలలోని పాత్రలు ఈ శిల్పములనుండియే దిగివచ్చినట్లుండును. గోన గన్నారెడ్డి కథ కాకతీయుల నాటిది. అప్పటి శిల్పము వేఱు. 1213 నాటి రామప్పగుడిలో ఎత్తుమడమల పాదరక్షలు తొడిగిన సుందరి గలదు. శాతవాహనుల సొమ్ములు కాకతీయులకు పెట్టినచో వేయియేండ్ల తప్పు దొరలును.

వీరు 1936లో వెలువడిన అనసూయ, ధ్రువవిజయము చలనచిత్రములకు కళాదర్శకత్వము వహించిరి. సింహళమునందలి సిగిరియా కుడ్యచిత్రములకు ప్రతికృతులు వ్రాసిరి. మన మన్యపు కిన్నెరసానిపై విశ్వనాథవారు పాటలు కట్టగా వానికి చిత్రములు రచించిరి. 1952వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన కీర్తిశేషులైరి.

తరువాత నాగార్జునకొండ లోయ సాగరజలములలో మునిగినది. త్రవ్వి తీసిన శిల్పములు ముందుగా కొండపైకి చేర్చబడుటచేత దక్కినవి. రాయి పోయినచో సాక్ష్యము పోవును. పిమ్మట ఎంతటి చిత్రకారుడైనను ఊహించి వ్రాయవలసినదే. మా ఖానాపురం హవేలికి అనతిదూరమున నేలకొండపల్లిలో బౌద్ధస్తూపమును, జనులు విరాటరాజుదిబ్బ యని పిలుచు దిబ్బయు నున్నవి. అచ్చటి యొక్కొక్క ఇటుకయు ఒక పత్రమువంటిది.

మన యూళ్లలో నేటికిని ప్రతాపరుద్రునకు మఖమలంగీ తొడిగి రంగమెక్కించుచున్నారు. కావున పోషకమహాశయులకు మా విన్నపమొక్కటి. బాలురచేత పూర్వకథ నాడింపదలచినప్పుడు, అద్దెదుస్తులకు సొమ్మిచ్చుటకు ముందు, వారిని ఒక దినము రామప్పగుడికి, మఱియొక దినము నేలకొండపల్లికి, చేత కాగితమును సీసపుకడ్డియు నిచ్చి పంపుడు. బాపిరాజుగారి స్మృతికి మనము చేయదగిన సేవ యిదియే.