ఒకే పడవ.. ఆరు వేళలు

వేమగల్ చుట్టుపక్కల వాళ్లకు జపాన్ అనగానే దగ్గర్లోని నరసాపుర హోండా ఫ్యాక్టరీయే గుర్తొస్తుంది. ఆ దేశం నుంచే 1930 చివర్లో ఒక చిత్రకారుడు మన దేశానికి వచ్చారు. తాజ్‌మహల్, మదురై గుడి, కాంచనజంగ.. చూసినవన్నీ చెక్క అచ్చుల్లో రంగురంగుల బొమ్మలుగా దింపారు. ఆయనే హిరోషి యోషిదా.

1876లో కురుమే ఊళ్లో పుట్టారు. డ్రాయింగ్ మాస్టారు యోషిదా కసాబురో ఆ పిల్లాడి చేతివాటం చూసి ఏకంగా దత్తత తీసుకున్నారు. 1899లో స్నేహితుడితో కలిసి అమెరికా వెళితే డెట్రాయిట్‌లో బొమ్మలు బాగా అమ్ముడయ్యాయి. అప్పటికి వేసేవి నీటిరంగులు, తైలవర్ణాలే. చెక్క అచ్చుల జోలికొచ్చేసరికి నలభై దాటాయి.

చీరల అద్దకం చూసినవాళ్లకు ఈ పని కొత్తేం కాదు. చెర్రీ చెక్క మీద బొమ్మ చెక్కాలి. ఒక్కో రంగుకు విడిగా దిమ్మ కావాలి. రంగు పూసి, చెమ్మ కాగితం పరచి, వెనకనుంచి గుండ్రటి బిళ్లతో రుద్దాలి. ఒక్క రంగు పక్కకు జరిగినా కాగితం దండగే! గీసేది ఒకరు, చెక్కేది ఒకరు, అచ్చేసేది ఇంకొకరు. అమ్ముకునేది ప్రచురణకర్త.

1923 సెప్టెంబర్ 1న టోక్యోను భూకంపం కుదిపేసింది. మంటల్లో ప్రచురణకర్త వతనబే దుకాణం కాలిపోయింది. యోషిదా దిమ్మలూ బూడిదయ్యాయి. ఇంకొకరైతే అక్కడితో వదిలేసేవారే. ఆయన మిగిలిన బొమ్మలు పట్టుకుని మళ్లీ అమెరికా వెళ్లారు. అక్కడివాళ్లకు అచ్చు బొమ్మల మీదే మోజని గమనించారు. 1925లో తిరిగొచ్చి సొంత పనిశాల పెట్టారు. చెక్కేవాళ్లను, అచ్చేసేవాళ్లను జీతానికి పెట్టుకుని తానే దగ్గరుండి చేయించేవారు. ఒక్కోసారి ఉలి తానే పట్టేవారు.

1926 నాటి తెరచాప పడవల బొమ్మలు చూడాల్సిందే. దిమ్మలు అవే, రంగులు మాత్రం వేరు. తెల్లవారుజాము, పూట ఎక్కాక, మధ్యాహ్నం, మంచు, సాయంత్రం, రాత్రి.. పడవ ఒకటే అయినా ఆరూ ఆరు బొమ్మలు!

కొడుకు తోషితో కలిసి మన దేశం తిరిగినప్పుడూ అదే పట్టు. కాంచనజంగను పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా చూపారు. తాజ్‌మహల్‌ను పగలూ వేశారు, రాత్రీ వేశారు. ఆ బొమ్మలు 1931, 32ల్లో అచ్చయ్యాయి. మన అంతరగంగె బండల మీద మంచు మాత్రం ఆయన కంట పడినట్టు లేదు. అదొక్కటే లోటు.

1950లో టోక్యోలో కన్నుమూశారు. ఆ తర్వాతా తోషి చెక్క అచ్చులు వేస్తూనే వచ్చారు.