జి. డి. నాయుడు

ఇరువదవ శతాబ్దారంభమున నెల్లూరు తీరపు గ్రామములనుండి చెన్నపట్టణమునకు సరకులు బకింగ్‌హాం కాలువలో పడవలపై పోవుచుండెడివి. మోటారు బండి కనబడినచో పిల్లలు, పెద్దలు వీధిలోనికి వచ్చి వింతగా చూచెడివారు. ఆ బండ్లలో పెక్కు ఇంగ్లండులో తయారై ఓడలపై చెన్నపట్టణపు రేవునకు వచ్చెడివి. ఏదేని విడిభాగము విరిగినచో దానికొఱకును ఓడ రావలసినదే. బండి కొన్నవాడు ఎంతటి ధనవంతుడైనను, దాని లోపల నేమున్నదో ఎఱుగనివాడగుటచే ఒకరిపై నాధారపడక తప్పెడిది కాదు. ఆ స్థితిని సహింపని తెలుగువాడొకడు కోయంబత్తూరు సీమలో బయలుదేరెను.

ఆయనయే గోపాలస్వామి దురైస్వామి నాయుడు. 1893వ సంవత్సరము మార్చి 23వ తేదీన కలంగల్ అను పల్లెలో, సేద్యము చేసికొను తెలుగు కుటుంబమున జన్మించెను. విజయనగర రాజుల కాలమునను, తరువాత నాయకరాజుల కాలమునను దక్షిణమునకు పోయి స్థిరపడిన తెలుగువారు ఆ ప్రాంతమున ననేకులు కలరు. నాయుడు పసితనముననే తల్లిని పోగొట్టుకొనెను. కూర్చున్నచోట కదలక వల్లె వేయుట ఆతనికి సరిపడలేదు. మూడవ తరగతితో బడిచదువు ముగిసెను.

ఒకనాడు ఆంగ్లేయోద్యోగి యొకడు రడ్జ్ మోటారు సైకిలుపై ఆ పల్లెకు వచ్చెను. అది ఇంగ్లండులోని కోవెంట్రీ నగరమున తయారైన బండి. ఎద్దును గుఱ్ఱమును లేక పరుగెత్తు ఆ వాహనమును చూచినది మొదలు నాయుడునకు నిద్ర పట్టలేదు. కోయంబత్తూరు చేరి, హోటలులో వడ్డించు పనికి కుదిరి, మూడేండ్లు కూలిడబ్బులు కూడబెట్టి, 300 రూపాయలకు రడ్జ్ బండిని కొనెను. ఇంటికి తెచ్చి మొదట చేసిన పని దానిని ముక్కముక్కగా విప్పుట! విప్పుట ఎవరికైనను చేతనగును. మరల కూర్చుటలోనే యున్నది కష్టమంతయు. నాయుడు ప్రతి భాగమును చేతబట్టి, అది దేనిని త్రిప్పునో, దేనిచే తిరుగునో పరిశీలించి, యథాప్రకారము కూర్చి నడిపెను. ఆయనకు గురువు ఆ బండియే.

నడుమ ప్రత్తి వ్యాపారమున దిగి నష్టపోయెను. 1920లో స్టేన్స్ దొర సహాయముతో ఒక బస్సును సంపాదించి, పొల్లాచి పళనుల నడుమ తానే నడిపెను. 1933 నాటికి ఆయన సంస్థ క్రింద 280 బస్సులు నడచుచుండెను. ఇంజనులోని లోపమును కనిపెట్టు సాధనమును, టిక్కెట్టు యంత్రమును ఆయనయే రూపొందించెను. 1937లో బాలసుందరం నాయుడుతో కలిసి విద్యుత్ మోటారును దేశములోనే తయారుచేయించెను. 1941లో 70 రూపాయలకే రేడియోను ఇయ్యగలనని చూపెను.

1945లో కోయంబత్తూరున సాంకేతిక విద్యాలయ స్థాపనకు తోడ్పడి, దానికి తొలి ప్రధానాచార్యుడయ్యెను. ఇంజనీరింగు చదువునకు నాలుగేండ్లు వ్యర్థమనియు, రెండేండ్లు చాలుననియు ఆయన వాదము. ఇందు కొంత అతిశయము లేకపోలేదు. గణితము రెండేండ్లలో ఒంటబట్టునది కాదు. వాదము చెల్లకపోగా ఆయన ఆ పదవిని విడిచెను.

1952లో ఇరువురు కూర్చుండదగిన చిన్న పెట్రోలు కారును నిర్మించెను. వెల 2,000 రూపాయలు మాత్రమే. ప్రభుత్వపు లైసెన్సు లభింపనందున దాని తయారీ నిలిచిపోయెను. ఒక్క పరదేశపు బండిని విప్పి విద్య నేర్చిన వానికి, తన బండిని తన దేశపు బాటలపై నడపు భాగ్యము దక్కలేదు.

రడ్జ్ కర్మాగారము రెండవ ప్రపంచయుద్ధారంభముననే మోటారు సైకిళ్ల తయారీని మానెను. నేడు అట్టి పాత ఆంగ్ల వాహనములను ప్రాణప్రదముగా కాపాడుకొనువారు చిన్న విడిభాగమునకై దేశదేశములు గాలించి తెప్పించుకొనుచున్నారు.

నాయుడుగారు 1974 జనవరి 4వ తేదీన మరణించిరి. 2015లో ఆయన పేరిటి ధర్మసంస్థవారు కోయంబత్తూరున పాతకార్ల ప్రదర్శనశాలను తెఱచిరి. పలుదేశముల కార్లు అందు వరుసగా నిలిచియున్నవి.