ప్రిటోరియా నగరమున గాంధీమహాత్ముడు

చదువు ముగిసిన పిమ్మట మన విద్యార్థులలో అనేకులు ఉద్యోగార్థము పరాయి నగరములకు పోవలసినవారే. అచట పని దొరకును, బస దొరకును; మనసు విప్పి మాట్లాడుటకు మనిషి మాత్రము వెంటనే దొరకడు. అట్టి స్థితిలో గాంధీమహాత్ముడు ఎట్లు మెలగెనో తెలుపుటకై ఆయన జీవితములోని ఒక సంవత్సరమును మేమిచట వివరింపదలచితిమి.

మోహనదాసు కరంచందు గాంధీ 1869వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన పోరుబందరులో జన్మించెను. లండనులో న్యాయశాస్త్రము నభ్యసించి 1891లో స్వదేశమునకు వచ్చెను. ఆయన మిక్కిలి బిడియస్థుడు. బొంబాయి న్యాయస్థానమున తన తొలి వ్యాజ్యములో సాక్షిని ప్రశ్నింప లేచి, నోట మాట రాక కూర్చుండిపోయెను. 1893లో దాదా అబ్దుల్లా అను వర్తకుని వ్యాజ్యమునకు తోడ్పడుటకై, భార్యాబిడ్డలను ఇంట విడిచి దక్షిణాఫ్రికాకు పయనమయ్యెను. త్రోవలో తెల్లవారు ఆయనను రైలునుండి దింపివేసిన సంగతి అందరెరిగినదే. ఆ పయనము ట్రాన్సువాలు రాజధానియగు ప్రిటోరియాలో ముగిసెను.

ఆదివారము రాత్రి స్టేషనులో దిగునప్పటికి ఆయనకొరకు వచ్చినవారెవ్వరును లేరు. అమెరికా దేశపు నల్లజాతీయుడొకడు జాలిపడి జాన్‌స్టను హోటలునకు తోడ్కొనిపోయెను. యజమాని మొదట భోజనము గదిలోనే తినవలెననెను. పిదప సిగ్గుపడి, తక్కిన అతిథుల నడిగి, వారు సమ్మతింపగా భోజనశాలకే ఆహ్వానించెను. మరునాడు బేకరు అను న్యాయవాది, రొట్టెల వ్యాపారి భార్యయగు ఒక పేదరాలి ఇంట వారమునకు 35 షిల్లింగులకు బస కుదిర్చెను.

బేకరు ప్రార్థనసమావేశమున హారిసు, గాబు అను పెద్దవయసు అవివాహిత స్త్రీలతోను, కోట్సు అను యువకునితోను పరిచయమయ్యెను. ఆ స్త్రీలు ప్రతి ఆదివారము నాలుగు గంటలకు ఆయనను తేనీటికి పిలిచిరి. కోట్సు గ్రంథములిచ్చెను, రాత్రులు షికారునకు తోడు వచ్చెను. అతడొకనాడు గాంధీ మెడలోని తులసిపూసల పేరు మూఢవిశ్వాసమని తలచి తెంపివేయుమని కోరెను. తల్లి ప్రేమతో వేసినదానిని అకారణముగా తెంపజాలనని గాంధీ నిరాకరించెను. పేరును తెగలేదు, స్నేహమును తెగలేదు. మరియొకప్పుడు అధ్యక్షుడు క్రూగరు ఇంటియెదుట కాలిబాటపై నడచుచున్న గాంధీని కావలిభటుడు తన్ని త్రోసివేయగా, అటు గుఱ్ఱముపై వచ్చిన కోట్సు తాను సాక్ష్యము చెప్పుదుననెను. స్వంత బాధకై న్యాయస్థానమున కెక్కుట తన నియమము కాదని గాంధీ భటుని క్షమించెను.

తనవారినిగూడ ఆయన మరువలేదు. మొదటివారముననే తయ్యబు సేటును కలిసికొనెను. ఈయన ఆ వ్యాజ్యములో ఎదుటి కక్షిదారుడు! ఆయన సాయముతోనే అచటి భారతీయులను ఒక వర్తకుని ఇంట సమావేశపరచి, వ్యాపారమున సత్యపాలనమును గూర్చి ప్రసంగించెను. సాక్షియెదుట నోరు మెదపలేకపోయిన వానికి ఇదియే తొలి బహిరంగోపన్యాసము. ఇంగ్లీషు నేర్చుకొనగోరువారికి తాను నేర్పుదునని గాంధీ చెప్పగా ముగ్గురు ముందుకు వచ్చిరి: ఒక క్షురకుడు, ఒక గుమాస్తా, ఒక చిల్లర దుకాణదారుడు. తమ చోటికే వచ్చి నేర్పవలెనని వారి షరతు. ఆయన అట్లే వెళ్లెను. ఒక్కొక్కప్పుడు వారు పనిలో మునిగియున్నను విసుగక, సుమారు ఎనిమిది మాసములు నేర్పెను. సమావేశములును సాగెను. తుదకు ప్రిటోరియాలో ఆయన ఎరుగని భారతీయుడు లేకపోయెను.

ఈ పరిచయములు వృత్తికిని ఉపకరించెను. ఇరుపక్షములవారు బంధువులేయని గ్రహించి గాంధీ వారిని మధ్యవర్తి తీర్పునకు ఒప్పించెను. తయ్యబు సేటు 37,000 పౌనులును ఖర్చులును చెల్లింపవలెనని తీర్పు వచ్చెను. ఒక్కసారిగా చెల్లించిన ఆయన దివాలా తీయును. కావున వాయిదాలపై పుచ్చుకొనుటకు దాదా అబ్దుల్లాను గాంధీయే ఒప్పించెను.

1894లో ఆయన నేటాలు భారతీయ కాంగ్రెసును స్థాపించుటకు పునాది ఈ నగరముననే పడినదని మా తలంపు. పిలుపు వచ్చినప్పుడు బిడియపడక వెళ్లెను. పిలుపు రానిచోటికి తనకు వచ్చిన విద్యను చేతపట్టుకొని వెళ్లెను. రేపు పరాయి ఊళ్లలో ఒంటరిగా దిగబోవు మన విద్యార్థులు ఆ క్షురకుని ఇంటి త్రోవను జ్ఞాపకముంచుకొందురు గాక.