పరీక్షకు అందని ప్రవక్త

ఏ సంఘానికి వెళ్ళాలి? ఈ ప్రశ్న మన విశ్వాసుల ఇళ్ళలో కొత్తది కాదు. అమ్మ ఒక సంఘానికి, నాన్న మరో సంఘానికి, పెళ్ళయిన అక్క ఇంకో సంఘానికి వెళ్తుంటే ఇంట్లో పిల్లవాడికి ఆ ప్రశ్న రాకుండా ఎలా ఉంటుంది? రెండు వందల ఏళ్ళ క్రితం అమెరికాలో ఒక పిల్లవాడు ఇదే ప్రశ్నతో తల్లడిల్లాడు. అతని పేరు జోసెఫ్ స్మిత్. మార్మన్లు అని మనం పిలిచేవారి మొదటి ప్రవక్త. ఆ సంఘానికి నేడు లోకమంతటా 1 కోటీ 70 లక్షలకు పైగా సభ్యులున్నారు. కొన్ని స్థానిక సంఘాలను కలిపి వారు స్టేక్ అంటారు. భారతదేశంలో వారి మొదటి స్టేక్ 2012లో మన హైదరాబాదులోనే ఏర్పడింది. కాబట్టి ఆయన జీవితం మనం తెలుసుకోదగినది.

జోసెఫ్ 1805 డిసెంబరు 23న వెర్మాంట్ రాష్ట్రంలోని షారన్‌లో ఒక పేద రైతు కుటుంబంలో పుట్టాడు. ఏడేళ్ళ వయసులో విషజ్వరం వచ్చి కాలి ఎముకకు చీము పట్టింది. మత్తుమందు లేని రోజులవి. నొప్పి తెలియకుండా సారా తాగమంటే పిల్లవాడు ఒప్పుకోలేదు. అమ్మను బయటికి పంపి, నాన్న చేతుల్లో ఉండి ఎముక కోయించుకున్నాడని తల్లి లూసీ తరువాత రాసింది. 1816లో వేసవి రాకుండానే మంచు కురిసి పంటలు పోయాయి. ఆ కుటుంబం న్యూయార్క్ రాష్ట్రంలోని పాల్మైరాకు వలస వెళ్ళింది.

ఆ ప్రాంతమంతా అప్పుడు ఉజ్జీవ కూడికలతో మండుతోంది. మెథడిస్టులు, బాప్టిస్టులు, ప్రెస్బిటేరియన్లు ఆత్మల కోసం పోటీ పడుతున్నారు. లూసీ, కొందరు పిల్లలు ప్రెస్బిటేరియన్ సంఘంలో చేరారు. తండ్రి ఎందులోనూ చేరలేదు. జోసెఫ్ మనసు మెథడిస్టుల వైపు మొగ్గింది. జ్ఞానం కొదువగా ఉన్నవాడు దేవుణ్ణి అడగాలని బోధించే యాకోబు పత్రిక మాట అతన్ని పట్టుకుంది. 1820లో ఒక తోపులోకి వెళ్ళి ప్రార్థించాననీ, దర్శనం కలిగిందనీ అతను తరువాత చెప్పాడు. 1832లో తానే రాసిన వృత్తాంతంలో ప్రభువు తనకు కనబడి పాపాలు క్షమించాడని ఉంది. 1838 నాటి వృత్తాంతంలో తండ్రి, కుమారుడు వేర్వేరు వ్యక్తులుగా కనబడి, ఏ సంఘంలోనూ చేరవద్దనీ, అన్నీ తప్పిపోయాయనీ చెప్పినట్టు ఉంది. మార్మన్ సంఘం నేడు బోధించేది ఈ రెండవదాన్నే.

యౌవనంలో ఆయన కూలి పనులతో పాటు మరో పని కూడా చేశాడు. ఒక రాయిలోకి చూసి, భూమిలో లంకెబిందెలు ఎక్కడున్నాయో చెప్పేవాడు. 1826లో దీని మీద న్యాయాధికారి ముందు నిలబడవలసి వచ్చింది. మరుసటి ఏడు, తండ్రి ఒప్పుకోకపోయినా ఎమ్మా హేల్ అనే యువతి ఆయనను పెళ్ళాడింది. అదే ఏడు, మొరోనై అనే దూత చూపించగా కొండలో నుండి బంగారు రేకులు తీశానని ఆయన ప్రకటించాడు. వాటి మీది రాతను అనువదిస్తున్నానంటూ చెబుతుంటే మొదట్లో రాసిపెట్టినవారిలో ఎమ్మా ఒకరు. చాలాసార్లు ఆయన టోపీలో రాయి పెట్టుకుని, అందులో ముఖం ఆనించి చెప్పేవాడు. రేకులు బల్లమీద గుడ్డలో చుట్టి ఉండేవనీ, తాను విప్పి చూడలేదనీ ఎమ్మా ముసలితనంలో చెప్పింది.

ఇక్కడే మొదటి పరీక్ష వచ్చింది. మార్టిన్ హారిస్ అనే రైతు 1828లో 116 పేజీల రాతప్రతిని ఇంటివాళ్ళకు చూపిస్తానని తీసుకెళ్ళి పోగొట్టాడు. రేకులు ఉన్నాయి కదా, మళ్ళీ అనువదిస్తే సరిపోయేది. రెండు ప్రతులూ కలిస్తే నోళ్ళు మూతపడేవి. కానీ ఆ భాగాన్ని మళ్ళీ అనువదించవద్దని ప్రత్యక్షత వచ్చింది. దుష్టులు పాత ప్రతిలో మాటలు మార్చి ఆయనను అబద్ధికుణ్ణి చేస్తారన్నది కారణం. ఆ కాలపు చరిత్రను వేరే రేకుల నుండి తీసుకున్నారు. హారిస్ తన పొలం తాకట్టు పెట్టగా 1830లో మార్మన్ గ్రంథం 5,000 ప్రతులు అచ్చయింది. ఆ ఏడు ఏప్రిల్ 6న సంఘం స్థాపితమైంది.

కొద్ది నెలలకే రెండో పరీక్ష. హైరం పేజ్ అనే విశ్వాసి తన దగ్గరా ఒక రాయి ఉందనీ, తనకూ ప్రత్యక్షతలు వస్తున్నాయనీ అన్నాడు. సంఘమంతటి కోసం ప్రత్యక్షతలు పొందే అధికారం జోసెఫ్ ఒక్కడిదేనని వెంటనే ఒక ప్రత్యక్షత వచ్చింది. అది జోసెఫ్ ద్వారానే వచ్చింది.

ఆ సంఘంలో మంచి లేదని అనలేం. పొగాకు, మద్యం, టీ, కాఫీ మానిన క్రమశిక్షణ, దశమభాగం, ఒకరినొకరు ఆదుకునే ప్రేమ ఆ ప్రజల్లో ఉన్నాయి. వారు పడ్డ శ్రమలూ నిజమైనవే. 1832 మార్చిలో ఒహాయోలో ఒక అర్ధరాత్రి మూక జోసెఫ్‌ను ఇంట్లోంచి ఈడ్చి, ఒంటికి తారు పూసి ఈకలు అంటించింది. తలుపులు తెరుచుకుని చలిగాలి సోకిన వారి పెంపుడు పసివాడు కొద్ది రోజుల్లో చనిపోయాడు. 1838లో మిస్సోరీ గవర్నరు, మార్మన్లను రాష్ట్రం నుండి వెళ్ళగొట్టాలి, లేదంటే నిర్మూలించాలని ఉత్తరువు ఇచ్చాడు. మూడు రోజులకు హాన్స్ మిల్ అనే చోట 17 మందిని చంపారు. ఆ మూకల్లో బైబిలు చేతబట్టి ఆరాధనకు వెళ్ళేవారూ ఉన్నారు. దుర్బోధకు తారుబుడ్డి జవాబు కాదు. క్రైస్తవ నామానికి అది మచ్చ.

మిస్సోరీ జైలు నుండి బయటపడ్డాక జోసెఫ్ ఇల్లినాయిస్‌లో మిసిసిపీ నది ఒడ్డున నావూ పట్టణం కట్టించాడు. తానే మేయరు, తానే పట్టణ సైన్యానికి అధిపతి, తానే ప్రవక్త. చనిపోయినవారి కోసం బాప్తిస్మం, దేవుడు ఒకప్పుడు మానవుడే అనే బోధ ఇక్కడే వచ్చాయి. రహస్యంగా బహుభార్యాత్వం నడిచింది. ఆయనకు 30 నుండి 40 మంది వరకు భార్యలు ఉండవచ్చనీ, వారిలో ఒకరికి ఇంకా 15 ఏళ్ళు నిండలేదనీ మార్మన్ సంఘమే 2014లో ఒప్పుకుంది.

ఎమ్మా గురించి ఆలోచించండి. తండ్రిని విడిచి వచ్చింది, రాతప్రతి రాసింది, పసిపిల్లలను పాతిపెట్టింది, సంఘానికి మొదటి కీర్తనల పుస్తకం కూర్చింది. 1843 జూలైలో వచ్చిన ప్రత్యక్షత ఆమెను పేరు పెట్టి మరీ హెచ్చరించింది: భర్తకు ఇవ్వబడిన స్త్రీలను అంగీకరించకపోతే నాశనమే. ఆమె ఎవరితో మొరపెట్టుకోవాలి? సంఘపెద్దతోనా? ఆయనే భర్త. దేవునితోనా? దేవుని మాట ఆయన నోటి నుండే వస్తుందని సంఘమంతా నమ్మింది.

చివరి పరీక్ష ఒక పత్రిక రూపంలో వచ్చింది. ఒకప్పుడు ఆయన సలహాదారుగా ఉన్న విలియం లా, మరికొందరు కలిసి 1844 జూన్ 7న ఒకే ఒక్క సంచిక వెలువరించి ఈ సంగతులు బయటపెట్టారు. మూడు రోజులకు మేయరు ఆజ్ఞతో ఆ అచ్చుయంత్రాన్ని ధ్వంసం చేశారు. ఆ గొడవల పర్యవసానంగా కార్తేజ్ జైలులో ఉండగా జూన్ 27న, ముఖాలకు నలుపు పూసుకున్న మూక లోపలికి చొరబడి జోసెఫ్‌నూ అన్న హైరమ్‌నూ కాల్చి చంపింది. ఆయన వయసు 38. హంతకులుగా విచారించబడిన ఐదుగురూ విడుదలయ్యారు. ఎక్కువమంది బ్రిగమ్ యంగ్ వెంట యూటాకు వెళ్ళారు. బహుభార్యాత్వాన్ని ఆపుతున్నట్టు ఆ సంఘం 1890లో ప్రకటించింది. ఎమ్మా నావూలోనే ఉండిపోయింది. భర్త అలాంటిదేమీ బోధించలేదని అంటూనే 1879లో కన్నుమూసింది.

గలతీ సంఘాలకు రాస్తూ పౌలు, వేరొక సువార్త తెచ్చేవాడు పరలోకపు దూత అయినా, చివరికి తానే అయినా త్రోసివేయమన్నాడు. తనను తాను పరీక్ష కింద పెట్టుకున్నాడు. పౌలు చెప్పినదాన్ని లేఖనాలతో సరిచూసినందుకు బెరయ వారిని అపొస్తలుల కార్యములు మెచ్చుకుంది. జోసెఫ్ స్మిత్ ఒక్కొక్క ప్రత్యక్షతతో ఆ పరీక్షను తన మీద నుండి తొలగించుకున్నాడు. పరీక్ష పోయిన చోట మొదట నలిగింది సొంత ఇల్లే.

ఇది మార్మన్ల గురించి మాత్రమే అనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. దేవుడు నాతో చెప్పాడు అనే ఒక్క మాటతో కానుకల లెక్క అడిగిన పెద్దల నోరు మూయించే సేవకులు, అభిషిక్తుణ్ణి ప్రశ్నిస్తే శాపం తగులుతుందని బెదిరించే వేదికలు మన మధ్య లేవా? ఆ సేవకుని భార్య, ఆ సంఘంలోని పేద విధవరాలు ఎవరితో మొరపెట్టుకోవాలి?

తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్ల పేరుపలకతో మార్మన్ యువకులు మీ తలుపు తడితే, కూర్చోబెట్టి మంచినీళ్ళో మజ్జిగో ఇవ్వండి. బైబిలు తెరిచి మర్యాదగా ప్రశ్నలు అడగండి. అదే ప్రశ్నలు మన కాపరిని అడిగే స్వేచ్ఛ మన సంఘంలో ఉందో లేదో కూడా చూసుకోండి. ఏ సంఘం నిజమైనదని మీ ఇంటి పిల్లవాడు అడిగితే కసరకండి, పక్క సంఘాన్ని తిట్టిపోయకండి. వాడి పక్కన కూర్చుని వాక్యం చదవండి. పాల్మైరాలో ఆ పిల్లవాడి చుట్టూ బోధకులు చాలామందే ఉన్నారు. వాళ్ళు ఒకరితో ఒకరు వాదులాడుకోవడంలో మునిగిపోయారు.