స్త్రీపురుషుల కొకటే నీతి
బ్రహ్మర్షి రఘుపతి వేంకటరత్నమునాయుడుగారి చరిత్రము

సర్వేశ్వరుడు స్త్రీకొక విధమైన ఆత్మను, పురుషునకు వేఱొక విధమైన ఆత్మను సృజింపలేదు. అయినను మనదేశమున శీలమును తూచుటకు రెండు తూనికరాళ్లు చిరకాలముగా వాడుకలో నున్నవి. బరువైన రాయి స్త్రీకొఱకు, తేలికరాయి పురుషునికొఱకు. ఈ రెండురాళ్ల వ్యాపారము అధర్మమని తమ నడవడిచేతనే చాటిన మహనీయులు కృష్ణామండలమున జన్మించిరి. వారి చరిత్రమును సంగ్రహముగ తెలుపుటయే ఈ చిన్నపుస్తకముయొక్క ఉద్దేశము.

నాయుడుగారు 1862వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన మచిలీపట్టణమున జన్మించిరి. తండ్రి సైన్యోద్యోగి యగుటచే బాల్యమున కొంతభాగము స్వస్థలమునకు దూరముగ గడచెను. పిమ్మట చెన్నపురి క్రైస్తవకళాశాలలో మిల్లరుదొరగారి శిష్యులై పట్టమునంది, బ్రాహ్మధర్మము నవలంబించిరి. ఇరువదియేడేండ్ల ప్రాయముననే వారికి భార్యావియోగము సంభవించెను.

ఆ కాలమున మగవానికి భార్య పోయినచో మైల తీఱకమున్నే పిల్లనిచ్చువారు వాకిట నిలిచెడివారు. అగ్రవర్ణముల బాలికకు భర్త పోయినచో తల గొఱిగించి, ముసుగు వేయించి, వంటయింటి మూలకు త్రోసెడివారు. నాయుడుగారు మఱల వివాహమాడలేదు. అది మొదలు ఆజన్మాంతము తెల్లని వస్త్రములనే ధరించిరి. ఆచారము వితంతువుపై బలవంతముగ మోపిన నియమమును ఒక పురుషుడు స్వేచ్ఛచే గైకొనెనన్నమాట. ఇందుచే వితంతువులు వివాహమాడరాదని వారి యభిప్రాయమని భ్రమింపరాదు. వీరేశలింగముపంతులుగారు 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిపియుండిరి. నాయుడుగారును ఆ సంస్కర్తల పక్షమువారే. పరులు విధించిన సంయమము శిక్ష. తాను గైకొనిన సంయమము వ్రతము. ఈ భేదమే వారి నీతిబోధకు మూలము.

1855లో బెజవాడయొద్ద ఆనకట్ట పూర్తియైన పిదప కాలువలవెంట నీరును, నీటివెంట సిరియు డెల్టాలోనికి ప్రవహించినవి. ఆ సిరిలో కొంతభాగము పెండ్లిపందిళ్లలో భోగముమేళములకు వ్యయమగుచుండెను. పెద్దలు ముందువరుసను కూర్చుండెడివారు. పిల్లలు వారి ప్రక్కనే కూర్చుండి నేర్చుకొనెడివారు. నాయుడుగారు బందరు నోబిలుకళాశాలలో ఉపాధ్యాయులుగ నున్నకాలమున, ఇట్టి మేళములకు పోమనియు, శీలమును కాపాడుకొందుమనియు విద్యార్థులచేత వ్రతము పట్టించిరి. అచ్చట వారి శిష్యులైన ముట్నూరి కృష్ణారావుగారును, భోగరాజు పట్టాభిసీతారామయ్యగారును తరువాత దేశసేవలో ప్రసిద్ధికెక్కిరి. 1893లో చెన్నపురి సంస్కర్తలు మేళములున్న సభలకు పోవలదని గవర్నరునకును, వైస్రాయికిని విన్నవించుకొనగా ఇరువురును నిరాకరించిరి. ప్రభువులు చేయనిది బందరు బాలురు చేసి చూపిరి.

పావిత్ర్యము స్త్రీకి అలంకారము, పురుషునకు విధి కాదు అను భావమును నాయుడుగారు ఖండించిరి. ఆ భావము మన భాషలోనే వేళ్లుతన్నియున్నది. పతివ్రత యనుమాట ఇంటింట వినవచ్చును. పత్నీవ్రతుడను మాట పురాణములలో తప్ప వినరాదు. తప్పిన స్త్రీ పతిత. అదే తప్పు చేసిన పురుషుడు రసికుడు. ఇక వ్యాకరణము చూడుడు. చిన్నయసూరి బాలవ్యాకరణమున పురుషవాచకములు మహత్తులు. పురుషుడు వచ్చినాడందుము, స్త్రీ వచ్చినదందుము, ఆవు కూడ వచ్చినదే. స్త్రీలు పలువురు కూడినప్పుడు మాత్రము వచ్చినారందుము. ఒంటరిస్త్రీకి మన క్రియాపదము పశువుప్రక్కను చోటిచ్చి, పదుగురు కూడినచో మనుష్యులలో చేర్చుచున్నది! భాష దోషి యని నే ననను. మాట అలవాటును కాపాడును; అలవాటు మాటను కాపాడును. రెంటిని సంస్కరింపవలసినవారము మనమే.

చట్టముసంగతియు నిట్టిదే. బ్రాహ్మసమాజమువారి పట్టుదలచే వచ్చిన 1872వ సంవత్సరపు మూడవ ఆక్టు ప్రకారము వివాహమాడు స్త్రీపురుషులలో ఎవరికిని అప్పటికి జీవించియున్న భర్తగాని భార్యగాని ఉండరాదు. ఏకపత్నీత్వము తక్కిన హిందువులకు చెన్నరాజధానిలో 1949లోను, దేశమంతటను 1955లోను శాసనమయ్యెను. శిక్షాస్మృతి 497వ సెక్షను పరుని భార్యతోడి వ్యభిచారమును భర్త సమ్మతి లేనప్పుడే నేరముగ నెంచెను. అనగా భార్యను భర్త సొత్తుగ నెంచెను. దానిని సుప్రీముకోర్టు కొట్టివేసినది 2018లో. తూనికరాళ్లు మార్చుటకు ఎంతకాలము పట్టినదో చదువరులే గ్రహింతురుగాక.

మన పక్షము దోషమునుకూడ దాచరాదు. తంజావూరి కవయిత్రి ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమును వీరేశలింగముగారు స్త్రీ వ్రాయదగనిదని నిందించిరి. 1910లో దానిని ప్రకటించిన బెంగుళూరు నాగరత్నమ్మగారు, పురుషులు వ్రాసిన శృంగారము దోషము కానిచో స్త్రీ వ్రాసినదే దోషమెట్లగునని ప్రశ్నించిరి. 1911లో ప్రభుత్వము ఆ గ్రంథమును నిషేధించెను. ప్రకాశముపంతులుగారు ముఖ్యమంత్రిగ నున్నపుడు ఆ నిషేధము తొలగెను. ఆ ప్రశ్న న్యాయమైనది. నాయుడుగారి సూత్రముతో తూచినను ఆమెయే నెగ్గును. మేళమును బహిష్కరించుట సులభము. మేళము పోయిన స్త్రీకి గౌరవముతో కూడిన జీవనము చూపుట కష్టము. మొదటిది మనము ఉత్సాహముతో చేసితిమి. రెండవది చాలినంత చేయలేదు.

నాయుడుగారు సికిందరాబాదు మహబూబుకళాశాలలో కొంతకాలము పనిచేసి, పిమ్మట కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలకు అధ్యక్షులై 1919 వఱకు నుండిరి. అచ్చట స్త్రీలకును, అస్పృశ్యులనబడినవారికిని కళాశాల ద్వారములు తెఱచిరి. అనాథబాలలకు ఆశ్రయము కల్పించిరి. 1925 మొదలు 1928 వఱకు చెన్నపురి విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైరి.

కాకినాడలో వారి ప్రభావమునకు లోనైనవారిలో గుడిపాటి వెంకటచలముగారొకరు. ఈయన చాలకాలము బెజవాడలో నివసించి, స్త్రీపురుష సంబంధములను గూర్చి ఆంధ్రదేశమును కలతపెట్టిన గ్రంథములు వ్రాసి, 1950లో అరుణాచలము చేరిరి. గురువు ఇద్దఱకును సంయమము కోరెను. శిష్యుడు ఇద్దఱకును స్వేచ్ఛ కోరెను. దారులు వేఱైనను బయలుదేఱిన రేవు ఒక్కటే: ఇద్దఱకును ఒకే నీతి. స్వేచ్ఛ లేని సంయమము చెఱసాల యని శిష్యునివలన నేర్వవచ్చును. పరుని ఆత్మను గౌరవింపని స్వేచ్ఛ దోపిడి యని గురువువలన నేర్వవచ్చును. నాకు గురువు మార్గమే ప్రియము. కాని శిష్యుని ప్రశ్నకు బదులు చెప్పక ఆ మార్గమున నడచుట సత్యమార్గము కాదు.

నాయుడుగారు 1939వ సంవత్సరము మే 26వ తేదీన దేహము చాలించిరి. ఆంధ్రులు వారిని బ్రహ్మర్షి యని స్మరింతురు. బిరుదుకంటె వారి తెల్లని వస్త్రము మనకు ముఖ్యము. చదువరులారా! మీ యింట కూతునకు చెప్పు నీతిని నేటిరాత్రి కొడుకునకును చెప్పుడు. అతనికి చెప్పుటకు నోరు రానిచో, ఆ నీతిలోనే ఏదో దోషమున్నదని యెఱుగుడు. ఇద్దఱకును తండ్రియైన పరబ్రహ్మము మన చేతులలో ఒకే తూనికరాతిని నిలుపునుగాక!