పాల్ గాల్విన్: కారులో పాట వినిపించిన మనిషి



రేపు ఉదయం పిల్లల్ని దింపడానికి కారు తీసేటప్పుడు రెండు నిమిషాలు ఆగి ఒక పని చేసి చూడండి. బండి న్యూట్రల్‌లోనే ఉంచి, స్టీరియో ఆన్ చేసి, యాక్సిలరేటర్ మెల్లగా తొక్కండి. కారు కొత్తదైతే పాట తప్ప మరేమీ వినిపించదు. పాత కారై, స్టీరియో తర్వాత ఎప్పుడో మార్పించినదైతే, పాట వెనకాల సన్నగా ఈల లాంటి శబ్దం వినిపించవచ్చు. ఇంజన్ వేగం పెరిగేకొద్దీ ఆ ఈల కూడా పై స్థాయికి వెళ్తుంది.

ఇలాంటి శబ్దాలతోనే 1930లో షికాగోలో కొంతమంది కుస్తీ పట్టారు. వాళ్ల యజమాని పేరు పాల్ గాల్విన్. ఆయన పేరు మీరు విని ఉండకపోవచ్చు. ఆయన పెట్టిన కంపెనీ పేరు మాత్రం మీ అందరికీ తెలుసు. మీలో కొందరి మొదటి సెల్‌ఫోన్ ఆ కంపెనీదే అయ్యుంటుంది. అది మోటరోలా.

గాల్విన్ 1895 జూన్ 29న హార్వర్డ్‌లో పుట్టారు. హార్వర్డ్ అనగానే యూనివర్సిటీ అనుకోకండి, ఇది అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒక చిన్న ఊరు. రైళ్లు ఆగే ఊరు కాబట్టి అక్కడి పిల్లలు ప్లాట్‌ఫాం మీద ప్రయాణికులకు పాప్‌కార్న్ అమ్మేవారు. గాల్విన్ కూడా అమ్మాడు. హైస్కూల్ అయ్యాక ఇల్లినాయ్ యూనివర్సిటీలో చేరాడు కానీ డిగ్రీ పూర్తి చేయలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పనిచేసి తిరిగి వచ్చాక బ్యాటరీలు తయారుచేసే ఒక కంపెనీలో ఉద్యోగంలో చేరాడు.

1921లో ఎడ్వర్డ్ స్టీవర్ట్ అనే మిత్రుడితో కలిసి విస్కాన్సిన్ రాష్ట్రంలోని మార్ష్‌ఫీల్డ్‌లో సొంతంగా బ్యాటరీల కంపెనీ పెట్టాడు. రెండేళ్లకే అది మునిగిపోయింది. పన్ను బకాయి కింద ప్రభుత్వం వాళ్లు వచ్చి తాళం వేశారు. భోజనానికి బయటికి వెళ్లి వచ్చేసరికి తలుపుకు తాళం ఉందనీ, లోపల ఉండిపోయిన తన కోటు కూడా తీసుకోలేకపోయాడనీ చెబుతారు. అప్పటికే ఆయనకు భార్య, పసివాడైన కొడుకు ఉన్నారు. షికాగోకి తిరిగి వచ్చి ఒక చాక్లెట్ల కంపెనీలో ఉద్యోగం చేశాడు.

కొన్నాళ్లకు అదే స్టీవర్ట్‌తో కలిసి మళ్లీ అదే వ్యాపారంలోకి దిగాడు. మనలో ఎవరైనా అయితే ఇంట్లో వాళ్లు ఒప్పుకునేవారా? నాకైతే అనుమానమే. ఈసారి వాళ్ల దగ్గర ఒక కొత్త వస్తువు ఉంది. ఆ రోజుల్లో ఇళ్లలోని రేడియోలు బ్యాటరీలతో నడిచేవి. బ్యాటరీలు ఖరీదు, పైగా త్వరగా అయిపోయేవి. వాటి బదులు రేడియోని ఇంట్లో కరెంటుకే తగిలించుకునే ఒక పెట్టెను వీళ్లు తయారుచేశారు. దాన్ని బ్యాటరీ ఎలిమినేటర్ అనేవారు. వస్తువు మంచిదే కానీ కంపెనీ 1928లో మళ్లీ మూతపడింది, ఆస్తుల్ని వేలం వేశారు. ఆ వేలానికి గాల్విన్ వెళ్లి, తాము తయారుచేసిన ఎలిమినేటర్ల విభాగాన్ని 750 డాలర్లకు తనే పాడుకున్నాడు. 1928 సెప్టెంబర్ 25న తమ్ముడు జోసెఫ్‌తో కలిసి గాల్విన్ మాన్యుఫాక్చరింగ్ కార్పొరేషన్ ప్రారంభించాడు. చేతిలో ఉన్న నగదు 565 డాలర్లు, పనివాళ్లు 5 మంది.

ఈ సంచికతో పాటు యూనిట్ టెస్ట్ మార్కులు కూడా మీ చేతికి వచ్చి ఉంటాయి. అందుకే ఈ రెండు ఓటములనూ కాస్త వివరంగా చెప్పాను. అసలు కథ ఇక్కడి నుంచి.

ఏడాది తిరగకుండానే ఎలిమినేటర్ల అవసరం తగ్గిపోసాగింది. నేరుగా కరెంటుతో నడిచే రేడియోలే బజారులోకి వచ్చేశాయి. గాల్విన్ కూడా అలాంటి రేడియోలు తయారుచేసి, వేరే కంపెనీలు తమ పేరుతో అమ్ముకోవడానికి ఇవ్వడం మొదలుపెట్టాడు. ఇంతలో 1929 అక్టోబర్‌లో అమెరికా స్టాక్ మార్కెట్ కుప్పకూలింది. రేడియోలు కొనేవాళ్లు తగ్గిపోయారు. మూడోసారి కూడా తలుపుకు తాళం పడేలా ఉంది.

అప్పుడు ఆయన దృష్టి కార్ల మీద పడింది. కారులో రేడియో పెట్టాలన్న ఆలోచన ఆయనకే మొదట వచ్చిందని కొందరు రాస్తారు, అది నిజం కాదు. అప్పటికే అమెరికాలో కొందరు కార్లలో రేడియోలు బిగిస్తున్నారు. కానీ ఒక్కో కారుకూ విడిగా, చాలా ఖరీదుతో జరిగే పని అది. మామూలు మనిషి కొనగలిగే ధరలో, ఏ కారులోనైనా బిగించగలిగేలా ఒక రేడియో కావాలి. గాల్విన్ తన దగ్గరున్న కుర్రాళ్లకు ఆ పని అప్పగించాడు. వాళ్లలో ఇద్దరి గురించి చెప్పాలి. ఎల్మర్ వేవరింగ్ ఒకడు. రెండోవాడు విలియం లియర్. ఎనిమిదో తరగతితో బడి మానేసినవాడు. తర్వాతి రోజుల్లో లియర్‌జెట్ అనే విమానాలు ఈయన పేరు మీదే వచ్చాయి. ఈ ముక్క పిల్లలకు చదివి వినిపించాలో వద్దో మీ ఇష్టం!

ప్రయోగానికి గాల్విన్ తన సొంత స్టూడ్‌బేకర్ కారునే ఇచ్చాడు. ఇప్పటిలా డాష్‌బోర్డులో రేడియోకి ఒక గూడు ఉండేది కాదు. పెట్టె ఒక చోట, స్పీకర్ ఒక చోట పెట్టాలి. యాంటెన్నా కోసం కారు పైకప్పు లోపలి గుడ్డ విప్పి అందులో తీగల వల పరచాలి. రేడియోకి విడిగా బ్యాటరీలు కావాలి, వాటిని పెట్టడానికి కింద నేల కోయాలి. ఇద్దరు మనుషులకు రోజుల తరబడి పట్టే పని. తీరా బిగించి ఇంజన్ స్టార్ట్ చేస్తే పాట వినపడదు, ఒకటే గరగర.

కారణం ఏమిటంటే, పెట్రోలు ఇంజన్ నడిచేది నిప్పురవ్వలతో. స్పార్క్ ప్లగ్ దగ్గర రవ్వ ఎగిసిన ప్రతిసారీ చుట్టూ రేడియో తరంగాలు పుడతాయి. డిస్ట్రిబ్యూటర్‌లోనూ అంతే, కరెంటు తయారుచేసే డైనమోలోనూ అంతే. పిడుగు పడినప్పుడు పాత రేడియో గర్రుమనడం మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఇక్కడ ఆ పిడుగులు చిన్నవి, కానీ నిమిషానికి వేలల్లో, అదీ రేడియో పక్కనే.

గాల్విన్ మనుషులు చేసిందేమిటంటే, ఒక్కో శబ్దం ఎక్కడి నుంచి వస్తోందో విడివిడిగా వెతికారు. ప్లగ్గుల తీగలకు రెసిస్టర్లు, డైనమోకి కండెన్సర్, కొన్ని భాగాల చుట్టూ లోహపు తొడుగు ఇలా ఒక్కొక్కటీ అణచుకుంటూ వచ్చారు. ఒకటి ఆగితే దాని వెనక దాక్కున్న ఇంకొకటి బయటపడేది. మధ్యలో ఒక బ్యాంకు అధికారి దగ్గర అప్పు పుట్టించడానికి ఆయన కారులో రేడియో బిగించి ఇచ్చారనీ, అరగంటలో ఆ కారుకు నిప్పంటుకుందనీ ఒక కథ ప్రచారంలో ఉంది. అప్పు మాత్రం రాలేదట.

1930 జూన్‌లో అట్లాంటిక్ సిటీలో రేడియో తయారీదారుల సభ జరిగింది. గాల్విన్ ఆ కారులోనే షికాగో నుంచి బయలుదేరాడు. దూరం 1,200 కిలోమీటర్ల పైమాటే, అదీ అప్పటి రోడ్ల మీద. సభలో స్టాల్ తీసుకునే స్తోమత లేదు. అందుకని హాలు బయటే కారు ఆపి, సౌండ్ బాగా పెంచి, వచ్చేపోయే డీలర్లను పిలిచి వినిపించాడు. కంపెనీ బతకడానికి సరిపడా ఆర్డర్లు దొరికాయి. ఆ మోడల్ పేరు 5టి71, ధర 110 నుంచి 130 డాలర్లు. మోటర్ అన్న మాటకు, అప్పట్లో విక్ట్రోలా వంటి గ్రామఫోన్ పేర్ల చివర వినిపించే ఓలా చేర్చి, దానికి మోటరోలా అని పేరు పెట్టాడు.

ఇక్కడ ఒక్క క్షణం గాల్విన్‌ను పక్కన పెట్టి మా ఇంటి సంగతి చెబుతాను. నాన్నగారి పాత మారుతి 800లో స్టీరియోని ఒక ఆదివారం తమ్ముడూ నేనూ కలిసి మార్చాం. కొత్త స్టీరియో, ముందు తలుపులకు స్పీకర్లు, సీటు కింద చిన్న యాంప్లిఫయర్. అంతా అయ్యాక ఆన్ చేస్తే మొదట్లో చెప్పిన ఆ ఈల. డబ్బు దండగైందని నాన్నగారు అనలేదు కానీ ఆయన ముఖం చూస్తే తెలిసింది. మళ్లీ మొత్తం విప్పాం. తప్పు మాదే. యాంప్లిఫయర్ నల్ల తీగను, అంటే ఎర్త్ తీగను, పెయింట్ ఉన్న బోల్టు కింద బిగించాం. పెయింట్ గోకి, బాడీ ఇనుము మెరిసేలా చేసి బిగించగానే ఈల ఆగిపోయింది. ఆ ఈల ఆల్టర్నేటర్ నుంచి వస్తుంది. డైనమో బదులు ఇప్పుడు మన కార్లలో ఉండేది అదే. తమాషా ఏమిటంటే, కార్లలోకి ఆల్టర్నేటర్ రావడం వెనక ముఖ్యంగా పనిచేసిన వాళ్లలో ఆ ఎల్మర్ వేవరింగ్ ఒకరు.

మీ ఇంట్లోనూ పాత కారు ఉండి, ఆరో తరగతి దాటిన పిల్లలు ఉంటే, ఈ పని కలిసి చేయొచ్చు. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసేయండి, ఇది మాత్రం తప్పనిసరి. డబ్బు తక్కువుంటే ముందు స్పీకర్లు మార్చండి. పాత కాగితపు స్పీకర్లు ఏళ్ల తరబడి ఎండకీ తేమకీ పాడైపోయి ఉంటాయి, తేడా అక్కడే ఎక్కువ తెలుస్తుంది. స్టీరియో వెనక తీగల్లో సాధారణంగా పసుపు ఎప్పుడూ కరెంటు ఉండేది, ఎరుపు తాళం తిప్పితే వచ్చేది, నలుపు ఎర్త్. స్టీరియోతో వచ్చిన కాగితంలో చూసి ఖాయం చేసుకోండి. పాత కారు తీగల రంగులు మాత్రం ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి, వాటిని మీటరు పెట్టి చూసుకోవాల్సిందే. యాంప్లిఫయర్ పెడితే బ్యాటరీ నుంచి వచ్చే తీగకు బ్యాటరీ దగ్గరే ఫ్యూజ్ ఉండాలి. ఆ తీగ కారుకు ఒక పక్క నుంచి, పాటను మోసే తీగలు ఇంకో పక్క నుంచి వెళ్లాలి. ఫ్యూజ్ లేకుండా బిగిస్తే ఆ బ్యాంకు అధికారి కారు గతే మనదీ అవుతుంది.

మళ్లీ గాల్విన్ దగ్గరికి వద్దాం. ఆర్డర్లు వచ్చినంత మాత్రాన కష్టాలు తీరలేదు. 1930 లెక్కలు చూసుకుంటే నష్టమే మిగిలింది. బిగించడం తెలిసిన మెకానిక్కులు దొరకక ఎన్నో రేడియోలు సరిగా పనిచేసేవి కావు, వాళ్లకు నేర్పించాల్సి వచ్చింది. కారులో పాటలు వింటే డ్రైవర్ దృష్టి మళ్లి ప్రమాదాలు జరుగుతాయని కొన్నిచోట్ల నిషేధం ప్రతిపాదనలు కూడా లేచాయి. ఈ రోజు ఫోన్ల గురించి మనం అనుకునే మాటలే. అయినా కొద్ది సంవత్సరాల్లో కారు రేడియో అంటే మోటరోలా అనేంతగా ఆ పేరు పాతుకుంది.

1936లో పోలీసు కార్ల కోసం ప్రత్యేకమైన రేడియో తెచ్చారు. అదే ఏడాది గాల్విన్ కుటుంబంతో ఐరోపా వెళ్లి వచ్చాడు. యుద్ధం తప్పదని అక్కడే అర్థమై, సైన్యానికి పనికొచ్చే రేడియోల మీద పని ప్రారంభించాడు. అలా వచ్చిందే చేతిలో పట్టుకుని మాట్లాడే హ్యాండీటాకీ. 1943లో వీపున మోసుకెళ్లే వాకీటాకీ వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం సినిమాల్లో సైనికుడి వీపు మీద యాంటెన్నాతో కనిపించే పెట్టె అదే. కారు కుదుపుల మధ్య, ఇంజన్ గోల మధ్య రేడియో పనిచేయించిన అనుభవం అక్కడ బాగా అక్కరకొచ్చింది.

1947లో కంపెనీ పేరునే మోటరోలాగా మార్చారు. అదే ఏడాది పనివాళ్లకు లాభాల్లో వాటా ఇచ్చే పద్ధతి పెట్టారు. రెండుసార్లు రోడ్డున పడిన మనిషి కాబట్టి పనివాళ్ల ఇళ్ల గురించి ఆలోచించాడని నాకనిపిస్తుంది. తర్వాత 200 డాలర్ల లోపు ధరలో టీవీ కూడా తెచ్చారు.

మార్ష్‌ఫీల్డ్‌లో తాళం పడిన రోజు పసివాడుగా ఉన్న కొడుకు రాబర్ట్ 1956లో కంపెనీ అధ్యక్షుడయ్యాడు. పాల్ గాల్విన్ 1959 నవంబర్ 5న 64వ ఏట కన్నుమూశారు. పదేళ్లకు, 1969లో, చంద్రుడి మీద దిగిన మనుషుల మాటలు భూమికి చేరింది మోటరోలా తయారుచేసిన పరికరం ద్వారానే. 1973లో ఆ కంపెనీ ఇంజనీరు మార్టిన్ కూపర్ కిలోకి పైగా బరువున్న ఒక ఫోన్ పట్టుకుని న్యూయార్క్ వీధిలో నిలబడి మాట్లాడాడు. చేతిలో పట్టుకునే సెల్‌ఫోన్‌తో చేసిన మొదటి కాల్ అది.